ఆన్‌లైన్‌లో బంగారు గొలుసు కొనాలంటే ఏమేం చూసుకోవాలి?

చిరుమువ్వ:

అందరికీ నమస్కారం. అమ్మ కోసం 22 క్యారెట్ల గొలుసు ఒకటి తీసుకుందామనుకుంటున్నాను, రాళ్లూ పూసలూ ఏమీ లేని సాదా గొలుసు, 16 గ్రాముల దగ్గర. షాపుల చుట్టూ తిరిగే వీలు నాకు లేదు, పైగా ఆన్‌లైన్‌లో డిజైన్లు తీరిగ్గా చూసుకోవచ్చు కాబట్టి అక్కడే కొందామని ఉంది. కానీ చూసేకొద్దీ టెన్షన్ పెరుగుతోంది. మూడు సైట్లలో దాదాపు ఒకే బరువు, ఒకే క్యారెట్, చూడ్డానికి కూడా ఒకేలా ఉన్న గొలుసులు దొరికాయి, ధర మాత్రం దేనికదే. ఒకచోట గ్రాస్ వెయిట్ అంటారు, ఒకచోట నెట్ వెయిట్ అంటారు, ఇంకోచోట "సుమారు బరువు" అని రాసి వదిలేశారు. ఒక సెల్లర్ అయితే వివరాల్లో "916 కేడీఎం" అని పెద్ద అక్షరాలతో పెట్టాడు, అది మంచిదో కాదో కూడా తెలియలేదు. ఇది చాలదన్నట్టు ఫోన్ తెరిస్తే చాలు ఒక యాడ్ వస్తోంది, ఏ నగ మీదైనా 40 శాతం తగ్గింపు, ఈ రాత్రి వరకే అని.

ఇంతకుముందు ఆన్‌లైన్‌లో బంగారం కొన్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. ధర సరైనదో కాదో ఎలా లెక్క వేసుకోవాలి? నగ చేతికి వచ్చాక అది నిజంగా 22 క్యారెట్లేనని ఎలా తెలుస్తుంది? నచ్చకపోతే వెనక్కి పంపడం మాటల్లో చెప్పినంత తేలికేనా?

గీటురాయి:

నగల షాపులో బిల్లింగ్ కౌంటర్ దగ్గర చాలా ఏళ్లు పనిచేశాను కాబట్టి ముందు ధర సంగతి చెప్తాను. తేడా ఉంటే అది మొదట బయటపడేది అక్కడే.

నగ ధరలో ఉండేవి నాలుగే. బంగారం విలువ, తయారీ ఖర్చు, రాళ్లు ఉంటే వాటి ఖరీదు, పన్ను. ఇందులో మొదటిది ఏ షాపు సొంత సొమ్మూ కాదు, ఆ రోజు మార్కెట్ రేటు. 22 క్యారెట్ల రేటుని నెట్ బరువుతో గుణిస్తే వస్తుంది. నెట్ బరువంటే ఒట్టి బంగారం బరువు, గ్రాస్ అంటే రాళ్లు, పూసలు, లక్క, దారం అన్నీ కలిపి తూచింది. మీది సాదా గొలుసు కాబట్టి రెండూ ఒకటే ఉండాలి, తేడా చూపిస్తే ఎందుకని అడగండి. "సుమారు బరువు" అన్న చోట, చివరికి ఎంత బరువు వస్తే అంతకే బిల్లు వేస్తారా అన్నది పాలసీలో చూడండి, చాలామంది మంచి వ్యాపారులు నగ తయారయ్యాక తేడా డబ్బులు తిరిగి ఇవ్వడమో అదనంగా అడగడమో చేస్తారు, అది తప్పేమీ కాదు, కానీ ముందే రాసి ఉండాలి.

ఇక మీ మూడు సైట్ల ధరలు వేరువేరుగా ఉండటానికి అసలు కారణం తయారీ ఖర్చు. దీన్ని ఒకరు మజూరీ అంటారు, ఒకరు మేకింగ్ చార్జీ అంటారు, ఒకరు తరుగు అంటారు, కొందరు తరుగూ మజూరీ రెండూ విడివిడిగా వేస్తారు. తరుగు 12 శాతం అంటే 16 గ్రాముల గొలుసుకి 17.92 గ్రాముల బంగారానికి డబ్బు కడుతున్నారన్నమాట, దాని మీద మళ్లీ మజూరీ వేస్తే ఇంకా పెరుగుతుంది. అందుకని ఎవరి శాతం ఎంత అని పోల్చకండి, పన్ను కలపక ముందు మొత్తం ధరలోంచి బంగారం విలువ తీసేయండి, మిగిలింది ఏ పేరుతో ఉన్నా తయారీ ఖర్చే. మూడు సైట్లకీ ఒకే రోజు, ఒకే రేటుతో ఈ లెక్క వేస్తే ఎవరెంత తీసుకుంటున్నారో తేలిపోతుంది. మెషిన్ మీద చేసిన గొలుసుకి తక్కువ ఉంటుంది, చేతిపని ఎక్కువ ఉన్నదానికి ఎక్కువ ఉంటుంది, అది న్యాయమే.

ఆ 40 శాతం యాడ్ గురించి. మజూరీ బంగారం విలువలో 15 శాతం అనుకుందాం. వ్యాపారి దయతలచి మజూరీ మొత్తం వదిలేసుకున్నా సరే, ధర 115 నుంచి 100కి దిగుతుంది, అంటే సుమారు 13 శాతం తగ్గింపు. అంతకు మించి తగ్గాలంటే బంగారాన్నే మార్కెట్ రేటు కంటే తక్కువకి అమ్మాలి. అలా అమ్మే బదులు కరిగించి అమ్ముకుంటే అతనికే లాభం కదా. మజూరీ మీద 40 శాతం తగ్గింపు అంటే నమ్మొచ్చు, మొత్తం నగ మీద 40 శాతం అంటే అది మోసమైనా అయి ఉండాలి, ముందు ధర పెంచి తర్వాత తగ్గించిందైనా అయి ఉండాలి.

కేడీఎం గురించి కూడా చెప్పేస్తాను. గొలుసులోని కడియాలు, అంటే లింకులు, అతకడానికి వాడే టంకంలో కాడ్మియం కలిపితే దాన్ని కేడీఎం అనేవాళ్లు. ఆ పొగ పీల్చిన పనివాళ్ల ఆరోగ్యం పాడైపోతుంది, అందుకే ఇప్పుడు జింకు లాంటివి కలిపిన టంకాలు వాడుతున్నారు. అది అతుకు ఎలా వేశారో చెప్పే మాట, స్వచ్ఛతకి ముద్ర కాదు. 916 అన్నది స్వచ్ఛత, వెయ్యికి 916 వంతులు బంగారం అని. ఆ అంకె సెల్లర్ టైప్ చేసింది కాకుండా పరీక్షించినవాళ్లు వేసింది అయి ఉండాలి.

తెల్లకాగితం:

ఆ యాడ్ నొక్కకండి, అంతే. అచ్చం పెద్ద కంపెనీ సైట్‌లానే తయారుచేసి, అడ్రస్‌లో ఒక్క అక్షరం మార్చి లేదా చివర ఏదో ఒక మాట తగిలించి పెడతారు. అడ్రస్ బార్‌లో తాళం బొమ్మ ఉంది కదా అని నమ్మేవాళ్లు ఎక్కువ, ఆ తాళం మీకూ ఆ సైట్‌కీ మధ్య సమాచారం మూడోవాడు చదవలేడని మాత్రమే చెప్తుంది, అవతలివాడు మంచివాడని చెప్పదు. దొంగ సైట్‌కి కూడా అది ఉచితంగా దొరుకుతుంది. డొమైన్ ఎప్పుడు రిజిస్టర్ అయిందో హూ-ఈజ్ సెర్చ్‌లో చూడొచ్చు, "తరతరాల నమ్మకం" అని రాసుకున్న సైట్ పోయిన నెలలో పుట్టినట్టు కనిపిస్తే ఇంక ఆలోచించాల్సిన పని లేదు. నేను యాడ్ ద్వారా ఏ సైట్‌లోకీ వెళ్లను, అడ్రస్ చేత్తో టైప్ చేసుకుని వెళ్తాను.

డబ్బు ఎలా కడుతున్నారన్నది కూడా అంతే ముఖ్యం. క్రెడిట్ కార్డుతో కడితే, వస్తువు రాకపోయినా, చెప్పింది కాకుండా వేరేది వచ్చినా బ్యాంకులో డిస్ప్యూట్ వేసే దారి ఉంటుంది. బ్యాంకు ట్రాన్స్‌ఫర్ చేస్తే, ఫోన్ నంబర్‌కి డబ్బు పంపితే, మీ అంతట మీరే పంపారు కాబట్టి తిరిగి తెచ్చుకోవడం చాలా కష్టం. సైట్‌లో కార్డు ఆప్షన్ పనిచేయట్లేదు, ఈ అకౌంట్‌కి పంపితే ఇంకో 5 శాతం తగ్గిస్తాం అని చాట్‌లో చెప్పారంటే ఆ కిటికీ మూసేయండి.

ఇంకొకటి, చాలా రకాల వస్తువులు అమ్మే పెద్ద మార్కెట్ సైట్లలో కొంటుంటే, పైన కనిపించే బ్రాండ్ పేరు కాదు, కింద చిన్న అక్షరాల్లో సెల్లర్ ఎవరని ఉందో చూడండి. బిల్లు వచ్చేది వాళ్ల పేరు మీద, రేపు గొడవ పడాల్సింది కూడా వాళ్లతోనే.

పడమటిగాలి:

హాల్‌మార్క్, అంటే స్వచ్ఛత పరీక్షించి వేసే ముద్ర, దాని సంగతి నేను చెప్తాను, ఇది దేశాన్ని బట్టి మారుతుంది. ఒక దేశంలో ఉన్న పద్ధతి గుర్తుపెట్టుకుని ఇంకో దేశం సైట్‌లో కొనేవాళ్లు అక్కడే దెబ్బతింటారు.

ఇండియాలో బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ముద్ర ఉంటుంది. నగ మీద మూడు చూడాలి, బీఐఎస్ త్రికోణం గుర్తు, క్యారెట్‌తో పాటు 916 లాంటి అంకె, అక్షరాలూ అంకెలూ కలిపి మొత్తం ఆరు ఉండే హెచ్‌యూఐడీ, అంటే ఆ ఒక్క నగకే ఇచ్చే గుర్తింపు నంబర్. 2023 ఏప్రిల్ 1 నుంచి ఈ హెచ్‌యూఐడీ లేకుండా హాల్‌మార్క్ నగ అమ్మడానికి లేదు. బీఐఎస్ కేర్ అనే యాప్‌లో ఆ ఆరూ కొడితే ఆ నగని ఏ షాపు పంపింది, ఏ సెంటర్‌లో పరీక్షించారు, ఎన్ని క్యారెట్లు, వస్తువు ఏంటి అన్నవి వస్తాయి. చాలామంది "నంబర్ కొట్టాను, వచ్చింది" అని అక్కడితో ఆపేస్తారు. వస్తువు ఏంటన్నది తప్పకుండా చదవండి. మీ చేతిలో గొలుసు ఉంటే యాప్‌లో ఉంగరం అని వస్తోందంటే, ఎక్కడో ఉన్న అసలు నగ నంబర్‌ని దీని మీద కొట్టారని అర్థం. బిల్లులో ఉన్న నంబర్ కొట్టి సరిపెట్టుకోకుండా భూతద్దం పెట్టుకుని నగ మీద ఉన్నదే చదివి కొట్టండి, గొలుసుకైతే మామూలుగా కొక్కెం దగ్గరో, కొక్కెం తగిలించే రింగు దగ్గరో, చిన్న రేకు మీదో ఉంటుంది. 2 గ్రాముల లోపు వస్తువులకి, కుందన్, పోల్కీ, జడావు లాంటి రాళ్లు పొదిగే పనికి అక్కడ ఈ నిబంధన వర్తించదు, కాబట్టి చిన్న ముక్కుపుడకకి ముద్ర లేదని కంగారు పడక్కర్లేదు.

బ్రిటన్‌లో 1 గ్రాము, ఆపైన ఉన్న వస్తువుని హాల్‌మార్క్ లేకుండా బంగారమని చెప్పి అమ్మకూడదు. అక్కడ అమ్మేవాళ్ల లేదా తయారుచేసినవాళ్ల గుర్తు, స్వచ్ఛత అంకె, ఏ అస్సే ఆఫీసులో పరీక్షించారో ఆ గుర్తు, ఈ మూడూ తప్పనిసరి. లండన్, బర్మింగ్‌హామ్, షెఫీల్డ్, ఎడిన్‌బరో, నాలుగు ఆఫీసులున్నాయి. కొన్ని యూరప్ దేశాలు కలిసి 1972లో వియన్నాలో ఒప్పందం చేసుకున్నాయి, వాటిలో పరీక్షించిన నగల మీద త్రాసు బొమ్మ, అందులో 750 లాంటి అంకె కనిపించొచ్చు.

అమెరికా దగ్గరికి వచ్చేసరికి కథ వేరు. అక్కడ ప్రభుత్వం తరఫున పరీక్షించి ముద్ర వేసే పద్ధతే లేదు. అసలు ముద్ర వేయకపోయినా తప్పు కాదు, వేస్తే మాత్రం పక్కన తయారీదారు ట్రేడ్‌మార్క్ ఉండాలని చట్టం. అంటే అక్కడ "14 కే" (14 క్యారెట్లు) అని ఉంటే అది అమ్మేవాళ్ల మాట, మూడో మనిషి పరీక్ష కాదు. వాళ్ల పేరుప్రతిష్ఠల మీదే ఆధారపడాలి.

ఇవి తెలియకపోతే మాటల దగ్గర కూడా మోసపోతారు. "గోల్డ్ టోన్" అంటే రంగు మాత్రమే. "గోల్డ్ ఫిల్డ్" అంటే ఇత్తడి లాంటి లోహం మీద బంగారు రేకు గట్టిగా అద్దింది, అమెరికాలో ఈ మాట వాడాలంటే ఆ పొర మొత్తం బరువులో 20వ వంతు ఉండాలి, అంటే 14 క్యారెట్ల గోల్డ్ ఫిల్డ్ గొలుసులో అసలు బంగారం 3 శాతం కూడా ఉండదు. "వర్మీల్" అంటే వెండి మీద బంగారం పూత. "వన్ గ్రామ్ గోల్డ్" గురించి మనవాళ్లకి చెప్పక్కర్లేదు, పూత నగలు. ఇవన్నీ నిజాయితీగా అమ్మితే మంచి వస్తువులే, కానీ టైటిల్‌లో "14 క్యారెట్ గోల్డ్" అని రాసి, వివరాల్లో చివర ఎక్కడో "ఫిల్డ్" అని పెట్టేవాళ్లు ఉన్నారు. వివరాలు చివరి లైను దాకా చదవండి.

మామిడిపూత:

అందరూ ఇన్ని లెక్కలు చెప్తున్నారు కానీ, నా మాట వింటే బంగారం మాత్రం కళ్లతో చూసి, చేత్తో పట్టుకుని కొనాల్సిందే. ఫోటోలో లావుగా కనిపించిన గొలుసు వచ్చాక చూస్తే దారంలా ఉంటుంది. మా ఆడపడుచుకి అదే జరిగింది, బరువూ సరిపోయింది, క్యారెట్ కూడా సరిపోయింది, కానీ మెడలో వేసుకుంటే కనపడదు. అంత డబ్బు పెట్టి మనసుకి నచ్చనిది కొనుక్కోవడం ఎందుకండీ?

గీటురాయి:

మామిడిపూత గారూ, నచ్చడం విషయంలో మీరన్నది నిజమే. ఫోటోలు దగ్గర నుంచి తీస్తారు కాబట్టి లావూ పొడవూ అందాజాకి కూడా అందవు. దీనికి వివరాల్లో వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో, పొడవు ఎంతో చూసి, ఇంట్లో ఉన్న గొలుసు ఒకటి స్కేలు పెట్టి కొలిచి పోల్చుకోవాలి. ఒకే పొడవు, ఒకే వెడల్పు ఉన్న రెండు గొలుసుల్లో ఒకటి బాగా తేలిగ్గా ఉందంటే అది లోపల బోలుగా ఉండొచ్చు. బోలు గొలుసు చూడ్డానికి నిండుగా ఉంటుంది, కానీ నొక్కు పడితే పోదు, తెగితే అతకడం కూడా కష్టం. రోజూ వేసుకునే గొలుసుకి నేనైతే బోలుది వద్దంటాను.

స్వచ్ఛత విషయంలో మాత్రం కళ్లని నమ్మొద్దు. నేను కౌంటర్‌లో కూర్చున్నన్నాళ్లూ 18కీ 22కీ తేడా రంగు చూసి ఖాయంగా చెప్పగలిగిన మనిషిని చూడలేదు, రాగి కాస్త ఎక్కువ కలిపితే 18 కూడా ఎర్రగా మెరుస్తుంది. షాపులో కొన్నా ఆన్‌లైన్‌లో కొన్నా పరీక్ష ఒకటే. నిజానికి ఆన్‌లైన్‌లో ఒక సుఖం ఉంది, రిటర్న్ గడువు. షాపులో బిల్లు కట్టి బయటికి వచ్చాక డబ్బు వెనక్కి ఇచ్చేవాళ్లు తక్కువ.

చిరుమువ్వ:

చాలా థాంక్స్ అండీ అందరికీ. గీటురాయి గారు చెప్పినట్టు లెక్క వేస్తే ఆ మూడింటిలో బరువు కచ్చితంగా రాసిన సైట్‌లోనే తయారీ ఖర్చు తక్కువ తేలింది, పైకి ధర మాత్రం మధ్యలో ఉంది, ఆశ్చర్యంగా అనిపించింది. కారణం చూస్తే, తక్కువ ధర చూపించిన సైట్‌లో గొలుసు బరువే తక్కువ, నేను గ్రాస్, నెట్ గందరగోళంలో గమనించలేదు.

ఇప్పుడు పార్సిల్ వచ్చాక ఏం చేయాలో చెప్పండి. అయస్కాంతం పెట్టి చూడమంటారు కదా, అది సరిపోతుందా? ఇంట్లోనే ఇంకేమైనా చేయొచ్చా?

కొలిమి:

నగల పరీక్ష పనిలో ఉన్నాను, కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

పార్సిల్ తీసుకునే ముందు టేపు చూడండి. పైన టేపు మీద మళ్లీ టేపు వేసి ఉన్నా, మూల చిరిగినా, సీలు మీద నంబర్ వాళ్లు పంపిన మెసేజ్‌లో నంబర్‌తో కలవకపోయినా తీసుకోకుండా తిప్పి పంపేయండి. తీసుకున్నాక అయితే విప్పేటప్పుడు వీడియో తీయండి, ఒకటే వీడియో, మధ్యలో ఆపకుండా. లేబుల్, నాలుగు వైపులా సీలు, కత్తిరించడం, డబ్బా తెరవడం, నగ మీద ముద్ర, త్రాసు మీద బరువు, అన్నీ అందులోనే రావాలి. ఒక్కరే ఉంటే ఫోన్‌ని దేనికైనా ఆనించి పెట్టండి, చేత్తో పట్టుకుంటే సరిగ్గా ముఖ్యమైన చోటే ఫ్రేమ్ బయటికి పోతుంది. నగకి కట్టిన ట్యాగ్ మాత్రం తెంపకండి, అది తెగితే రిటర్న్ తీసుకోనివాళ్లు చాలామంది.

వంటింటి త్రాసు పనికిరాదు, అది గ్రాముల్లో చూపిస్తుంది. 0.01 గ్రాము దాకా చూపించే చిన్న త్రాసు కావాలి. బిల్లులో 16.02 ఉండి మీకు 16.00 వస్తే త్రాసుల తేడా, 15.80 వస్తే అడగాల్సిందే.

అయస్కాంతం గురించి. బంగారం అయస్కాంతానికి అంటుకోదు, నిజమే, కానీ రాగి, ఇత్తడి, వెండి కూడా అంటుకోవు. కాబట్టి అంటుకోలేదని సంతోషపడటానికేమీ లేదు. ఇంకో విషయం, చాలా గొలుసుల కొక్కెంలో నొక్కితే తెరుచుకునే బుల్లి స్ప్రింగు ఉంటుంది, అది స్టీలుది కావచ్చు. అయస్కాంతం పెడితే కొక్కెం కాస్త అటు లాగుతుంది, అంతమాత్రాన గొలుసు నకిలీ కాదు. గొలుసు మధ్యలో పెట్టి చూడండి, అక్కడ లాగితే మాత్రం ఆలోచించాలి.

ఇంట్లో చేయదగ్గ మంచి పరీక్ష ఒకటుంది, సాంద్రత చూడటం. సాదా గొలుసుకి బాగా పనిచేస్తుంది. ముందు గొలుసుని మామూలుగా తూచి రాసుకోండి, 16.00 అనుకుందాం. తర్వాత చిన్న గ్లాసులో నీళ్లు పోసి త్రాసు మీద పెట్టి సున్నా నొక్కండి. గొలుసుని సన్నటి దారానికి కట్టి నీళ్లలో పూర్తిగా మునిగేలా వేలాడదీయండి, అడుగుకి గానీ అంచుకి గానీ తగలకూడదు, దారం చేతిలోనే ఉండాలి. అప్పుడు త్రాసు మీద ఒక చిన్న అంకె కనిపిస్తుంది, 0.90 అనుకోండి. 16ని 0.90తో భాగిస్తే 17.78. 22 క్యారెట్లైతే ఇది 17.5 నుంచి 18 మధ్య రావాలి, కలిపింది వెండా రాగా అన్నదాన్ని బట్టి అటూఇటూ అవుతుంది. 18 క్యారెట్లైతే 15, 16 దగ్గర తిరుగుతుంది. ఇత్తడికి పూత పూసిందైతే 8, 9 దగ్గరే ఉండిపోతుంది, అంటే త్రాసు మీద 0.90 బదులు 1.80 పైన కనిపిస్తుంది, దాన్ని దాచడం ఎవరి వల్లా కాదు. గొలుసు కడియాల మధ్య గాలి బుడగలు ఇరుక్కుంటే లెక్క తప్పుతుంది, నీళ్లలో ఒక చుక్క సబ్బు వేసి గొలుసుని రెండుమూడుసార్లు ఆడించండి, బుడగలు పోతాయి. తక్కువ బరువు నగకి త్రాసులో 0.01 తేడా కూడా ఫలితాన్ని మార్చేస్తుంది కాబట్టి 5 గ్రాముల లోపు వాటికి ఇది నమ్మొద్దు. రాళ్లున్నవాటికీ బోలు నగలకీ అసలు చేయొద్దు, లోపల గాలి ఉంటే మంచి బంగారం కూడా నకిలీలా కనిపిస్తుంది.

ఇంట్లో యాసిడ్ చుక్కలు వేసి చూసే కిట్లు అమ్ముతుంటారు, వాటి జోలికి వెళ్లకండి. గీటురాయి మీద గీసి చూడటం అలవాటున్న చేతి పని, పైగా నగ మీద గీత పడితే రిటర్న్ పోతుంది.

అనుమానం తీరకపోతే బయట ఎక్స్‌ఆర్‌ఎఫ్ మెషిన్‌లో, అంటే ఎక్స్‌రే కిరణాలతో ఏ లోహం ఎంతుందో చదివే మెషిన్‌లో, చూపించండి. నగ పాడవదు, నిమిషాల్లో బంగారం ఎంత, వెండి ఎంత, రాగి ఎంత, కాడ్మియం ఉందా అన్నది కూడా కాగితం మీద ఇస్తారు. అయితే ఆ కిరణాలు పైపొర దాకానే చదువుతాయి, పూత మందంగా ఉంటే మెషిన్ దాన్నే చూసి మంచి బంగారమని చెప్పేయగలదు. అందుకే సాంద్రతా ఎక్స్‌ఆర్‌ఎఫూ రెండూ కలిపి చూడమంటాను. సాంద్రత లోపల సంగతి చెప్తుంది, మెషిన్ పైన సంగతి చెప్తుంది, రెండూ దాటే నకిలీ గొలుసు చేయడం ఎవరికీ గిట్టుబాటు కాదు. కొక్కెం దగ్గర ఒకసారి, మధ్యలో రెండుచోట్ల చూపించండి, ఒక్కోసారి కొక్కెం, ముద్ర ఉన్న రేకు మంచివి పెట్టి మిగతాది తక్కువ క్యారెట్‌లో లాగించేస్తారు. టంకం ఉన్నచోట మాత్రం కాస్త తక్కువ చూపించొచ్చు, కడియం మీద చూడమనండి.

ఇండియాలో కొన్న హాల్‌మార్క్ నగ అయితే హాల్‌మార్కింగ్ సెంటర్‌లో మామూలు కొనుగోలుదారు కూడా ఫీజు కట్టి పరీక్ష చేయించుకోవచ్చు. ముద్ర మీద ఉన్నదానికంటే స్వచ్ఛత తక్కువ తేలితే, తగ్గిన బంగారం విలువకి రెట్టింపూ పరీక్ష ఖర్చూ అమ్మినవాళ్లు ఇవ్వాలని అక్కడి నిబంధనల్లోనే ఉంది. ఈ సంగతి తెలియక చాలామంది నగ మార్చి ఇస్తే చాలని వచ్చేస్తారు.

ఇదంతా రిటర్న్ గడువు లోపలే చేయాలి. నగ రాగానే బీరువాలో పెట్టేసి, ఎప్పుడో మార్చుకోవడానికి తీసుకెళ్లినప్పుడు 20 క్యారెట్లే అని తెలిసి బాధపడినవాళ్లు మా దగ్గరికి వస్తూనే ఉంటారు, అప్పటికి ఎవరినీ అడగడానికి ఏమీ మిగలదు.

తెల్లకాగితం:

కొలిమి గారి రిప్లై సేవ్ చేసి పెట్టుకున్నాను, సాంద్రత పద్ధతి ఇంత సులువని తెలియదు.

దొండతీగ:

రిటర్న్ గురించి నేను చెప్తాను, ఎందుకంటే ఆ తలనొప్పి పడ్డాను. ఒక సైట్‌లో కమ్మలు కొంటే శీల వంకరగా ఉండి చెవికి గుచ్చుకునేది, వెనక్కి పంపుతామంటే గడువు అయిపోయిందన్నారు. ఎలా అయిపోయిందని అడిగితే, వాళ్ల లెక్క నగ చేతికి వచ్చిన రోజు నుంచి కాదట, బిల్లు వేసిన రోజు నుంచి! తయారుచేయడానికీ పంపడానికీ పట్టిన రోజులన్నీ మా గడువులోంచే పోయాయి. ఆ ముక్క పాలసీ పేజీలో ఎక్కడా లేదు, బిల్లు వెనకాల ఉన్న షరతుల్లో ఉంది, ఆ బిల్లు నగతో పాటే వచ్చింది. మెయిల్ మీద మెయిల్ పెట్టి, వినియోగదారుల ఫోరమ్‌కి వెళ్తామని రాశాకే తీసుకున్నారు. కొనకముందు మనకి చూపించని షరతు మన మీద రుద్దడం అన్యాయం, గట్టిగా అడగండి, అడిగితే దిగుతారు.

కాబట్టి ఆర్డర్ పెట్టకముందే చాట్‌లో అడగండి, గడువు ఏ రోజు నుంచి లెక్క, వెనక్కి పంపేటప్పుడు దారిలో పోతే ఎవరి బాధ్యత, ఇన్సూరెన్స్ ఎవరు కడతారు, పికప్‌కి వాళ్ల మనిషి వస్తాడా మనమే పంపాలా. వాళ్ల జవాబు స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. ఇంకో సంగతి, పొడవు పెంచమనో తగ్గించమనో, పేరు చెక్కమనో అడిగితే చాలా చోట్ల ఆ నగకి రిటర్న్ ఉండదు. కావాల్సిన పొడవులోనే తయారుగా ఉన్నది ఎంచుకుంటే ఆ బెడద ఉండదు.

చిరుమువ్వ:

అయ్యో, ఇది నాకు తట్టనే లేదు. నేను సరిగ్గా పొడవు పెంచమని అడుగుదామనుకున్నాను, ఇప్పుడు పెద్ద సైజులో ఉన్నదే చూస్తాను. చివరిగా ఒక్క డౌట్. ఆర్డర్ పెట్టిన రోజుకీ నగ వచ్చే రోజుకీ, మళ్లీ వెనక్కి పంపితే ఆ రోజుకీ బంగారం రేటు మారుతుంది కదా, ఏ రోజు రేటు ప్రకారం డబ్బులిస్తారు?

గీటురాయి:

మంచి ప్రశ్న. కొనేటప్పుడు చాలా సైట్లలో మీరు డబ్బు కట్టిన నిమిషంలో ఉన్న రేటే ఖాయం, తర్వాత పెరిగినా తగ్గినా మీకు సంబంధం లేదు. కొంత అడ్వాన్స్ మాత్రమే కట్టి మిగతాది తర్వాత కట్టే పద్ధతైతే ఏ రోజు రేటో బిల్లులో రాయించుకోండి.

వెనక్కి పంపడం మూడు రకాలు, ఈ మూడింటినీ కలిపేసి మాట్లాడతారు కాబట్టి జాగ్రత్త. గడువులోపు రిటర్న్ అయితే మీరు కట్టిందంతా రావాలి, పన్నూ మజూరీతో సహా. గడువు దాటాక మార్పిడి అయితే ఆ రోజు రేటుకి బంగారం విలువ కట్టి ఇంకో నగ ఇస్తారు, పాత నగ మజూరీ, పన్ను పోయినట్టే. బైబ్యాక్, అంటే నగ ఇచ్చి డబ్బు తీసుకోవడం, దీనిలో బంగారం విలువలో కూడా కొంత శాతం కోసేవాళ్లు ఉన్నారు. "100 శాతం వాపసు" అని హోమ్ పేజీలో ఉంటే అది ఈ మూడింటిలో దేని గురించో అడగండి, ఎక్కువసార్లు మార్పిడి గురించే ఉంటుంది. మీరు అమ్మకి ఇవ్వడానికి కొంటున్నారు కాబట్టి మొదటిదే మీకు ముఖ్యం, దాని గడువు ఎక్కువ ఉన్న చోట మజూరీ ఒక శాతం ఎక్కువైనా నేను అక్కడే కొంటాను.

చిరుమువ్వ:

అర్థమైందండీ. బరువు కచ్చితంగా రాసిన ఆ సైట్ వాళ్లకే చాట్‌లో గడువు, ఇన్సూరెన్స్, రేటు మూడూ అడిగాను. గడువు నగ చేతికి వచ్చిన రోజు నుంచేనని రాసి ఇచ్చారు, పికప్ వాళ్లదేనట, ఇన్సూరెన్స్ గురించి రేపు చెప్తామన్నారు. అది కూడా రాతపూర్వకంగా వస్తేనే ఆర్డర్ పెడతాను. 0.01 గ్రాము త్రాసు మాత్రం ఇప్పుడే ఆర్డర్ పెట్టేశాను, గొలుసు కంటే ముందు అది రావాలి కదా.